గెంతకూడని ఈగలు గెంతాయి: ఒక సీసా కేస్ స్టడీ

సిరంజి మూతి గాజు గొట్టంలోకి పెట్టి కొంచెం గాలి వదిలాను. లోపలున్న ఈగ ఉలిక్కిపడి గెంతింది. చుట్టూ నిలబడ్డ ఫైనలియర్ పిల్లలు అప్పటికే రికార్డులో ‘గెంతలేదు’ అని రాసేసుకున్నారు. ఈ ఈగ గెంతదని పది నిమిషాల ముందు బోర్డు మీద రాసింది నేనే మరి.

రెండోది కూడా గెంతింది. మూడోది కదల్లేదు. నాలుగోది మళ్ళీ గెంతింది.

కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా ల్యాబు చిన్నది. ఒక అలమారా, రెండు మైక్రోస్కోపులు, కరెంటు పోతే ఐసు సీసాలు పెట్టి చల్లబరిచే థర్మోకోల్ పెట్టె. ఆ పెట్టెలో డ్రోసోఫిలా ఈగల్ని పెంచుతున్నాను. ముగ్గిన కర్పూర చక్కెరకేళి అత్తం చుట్టూ, కల్లు ముంత చుట్టూ ముసిరే ఆ చిన్న ఎర్రకళ్ళ ఈగలే. మొక్కజొన్న రవ్వ, బెల్లం, ఈస్ట్, అగర్ కలిపి ఉడికించి సీసా అడుగున పోసి, దూది బిరడా పెడితే చాలు, అందులోనే పుట్టి పెరిగి గుడ్లు పెడతాయి. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి దాదాపు పది రోజులు. జన్యుశాస్త్రం నేర్పడానికి ఇంతకంటే మంచి జీవి మా స్తోమతకు దొరకదు.

గెంతకూడని ఈగల సీసా మీద ‘ఏసీజే6’ అని రాసి ఉంటుంది. రసాయనం తగిలినప్పుడు గెంతడంలో తేడా ఉన్న ఈగలని చెప్పే ఇంగ్లీషు మాటల పొట్టి పేరు అది, ఆ వరసలో ఆరోది. మామూలు డ్రోసోఫిలాకి ఘాటైన రసాయనపు ఆవిరి ఒక్కసారిగా తగిలితే గెంతుతుంది. అలా గెంతని ఈగల్ని ఏరి, వాటి లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉందని చూపిస్తూ అమెరికాలో జాన్ కార్ల్‌సన్ బృందం 1989లో ప్రకటించింది. అప్పటికి ఈగ ముక్కులో వాసన పట్టే ప్రోటీన్ల, అంటే రిసెప్టర్ల, జన్యువు ఒక్కటీ ఎవరి చేతికీ రాలేదు. అవి బయటపడింది 1999లో. అంటే రిసెప్టర్లంటే ఏమిటో తెలియడానికి పదేళ్ళ ముందే వాటికి ఆజ్ఞ ఇచ్చే జన్యువు చెడిపోయిన ఈగ సీసాలో తిరుగుతూ ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లల మొహాల్లో వచ్చే మార్పు కోసమే ఈ స్టాకుని, అంటే ఈ ఈగల వంశాన్ని, ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్నాను.

అలాంటి సీసాలో ఈగలు గెంతుతున్నాయి. పిల్లల్ని ఇంటికి పంపేసి తలుపు వేసుకుని కూర్చున్నాను.

మొదట అనుమానించాల్సింది పరీక్షనే. మేం వాడేది బెంజాల్డిహైడ్, బాదం ఎసెన్సు వాసన. అది గాలి తగిలితే మెల్లగా బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది, సీసా మూతి చుట్టూ తెల్లటి పలుకులు కడుతుంది. మా సీసా మూతికీ కట్టాయి. అయితే రసాయనం పాడైతే గెంతే ఈగ గెంతడం మానాలి గానీ గెంతని ఈగ గెంతదు కదా! రెండో అనుమానం గాలి తాకిడి. సిరంజి గట్టిగా నొక్కితే వాసన లేకపోయినా ఈగ బెదురుతుంది. అందుకని కొత్త బెంజాల్డిహైడ్ తెప్పించి, బెంజాల్డిహైడ్ కలపని వట్టి పారఫిన్ నూనె మీది గాలిని ఇంకో సిరంజిలో తీసుకుని, ఏ సిరంజిలో ఏముందో నాకు తెలియకుండా ఒక విద్యార్థినితో అందింపించుకున్నాను. వట్టి గాలికి దాదాపు ఏ ఈగా కదల్లేదు. బెంజాల్డిహైడ్‌కి కొన్ని గెంతాయి, కొన్ని గెంతలేదు. పరీక్షలో తప్పు లేదు.

ఆ సిరంజిలు అందించింది ముమ్మిడివరం అవతల లంకలోంచి పడవ మీద వచ్చే అమ్మాయి. “మేడమండి, జన్యువు దానంతటదే బాగైపోయిందేమోనండి?” అని అడిగింది. మంచి ప్రశ్న. జవాబు చెప్పే తొందరలో నేను దారి తప్పింది కూడా అక్కడే.

ఏసీజే6 అసలు ఏం చేస్తుందో చెప్పకపోతే నా పొరపాటు అర్థం కాదు.

డ్రోసోఫిలాకి వాసన తెలిసేది తల ముందున్న రెండు మీసాలతో, మూతి పక్కనున్న రెండు చిన్న పాల్పులతో. ఒక్కో మీసంలో సుమారు 1200, ఒక్కో పాల్పులో సుమారు 120 వాసన న్యూరాన్లు, అంటే నాడీ కణాలు, ఉంటాయి. సన్నటి నూగు వెంట్రుకల్లో ఒకటి నుంచి నాలుగు చొప్పున సర్ది ఉంటాయి. వాసన రిసెప్టర్ల జన్యువులు 60, వాటి నుంచి తయారయ్యే రిసెప్టర్లు 62. ఒక న్యూరాన్ సాధారణంగా వీటిలో ఒక్కదాన్నే ఎంచుకుని తొడుక్కుంటుంది. దానికి జతగా ఓర్కో అనే ప్రోటీను చాలా న్యూరాన్లలో ఉమ్మడిగా ఉంటుంది. ఓర్కో లేకపోతే రిసెప్టరు న్యూరాన్ కొసకి చేరదు. ఒకే రిసెప్టరు తొడుక్కున్న న్యూరాన్లన్నీ మెదడులో ఒకే ముడి దగ్గరికి తీగలు పంపుతాయి. అలాంటి ముడులు సుమారు యాభై.

రిసెప్టరు మారితే న్యూరాన్ గుణం మారుతుంది. 2003లో కార్ల్‌సన్ ల్యాబులోనే దీన్ని చక్కగా చూపించారు. ఓఆర్22ఏ అనే రిసెప్టరు పోగొట్టుకుని ఖాళీగా ఉన్న న్యూరాన్లో ఇంకో రిసెప్టరుని పెడితే, ఆ న్యూరాన్ కొత్తగా వచ్చినదాని వాసనలకే స్పందించింది. కాబట్టి ఏ న్యూరాన్ ఏ రిసెప్టరు తొడుక్కోవాలన్న నిర్ణయం మీదే ఈగ ముక్కంతా నిలబడి ఉంది. ఎలుకలో ఈ ఎంపిక చాలావరకు లాటరీ లాంటిది. వెయ్యికి పైగా ఉన్న జన్యువుల్లో ఒక కణం ఒకదాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నాక మిగతావి తెరుచుకోకుండా చూసుకుంటుంది. ఆ జన్యు కుటుంబాన్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఈగలో లాటరీ లేదు. ఫలానా వెంట్రుకలో ఫలానా చోటున్న న్యూరాన్ ఫలానా రిసెప్టరే తొడుక్కుంటుంది, ప్రతి ఈగలోనూ అంతే.

ఇది మా పిల్లలకి కాలువల భాషలో చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట వెనక నీళ్ళు నిండుగా ఉన్నంత మాత్రాన ఐ.పోలవరం చేలోకి నీరు రాదు. పెద్ద కాలువ లాకు తెరవాలి, పిల్ల కాలువ తూము ఎత్తాలి, పంట బోదె కట్టకూడదు, పక్క మురుగు కాలువలోకి గండి పడకూడదు. ఒక్కో చోట ఒక్కో లస్కరు, అంటే తూములు చూసుకునే మనిషి. రిసెప్టరు జన్యువు ప్రతి కణంలోనూ ఉంది, ఆనకట్ట నీరులాగ. ఆ జన్యువు ముందున్న డీఎన్‌ఏ ముక్క మీద లస్కర్లలాంటి ప్రోటీన్లు, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, వచ్చి కూర్చుంటేనే తూము లేస్తుంది. కొందరు ఎత్తేవాళ్ళు, కొందరు దించేవాళ్ళు. ముందుగా ఎటోనల్, ఏమోస్, లోజెంజ్ లాంటి ప్రోటీన్లు అది ఏ రకం వెంట్రుక కావాలో తేలుస్తాయి. తర్వాత నాచ్ అనే కణాల మధ్య సంకేతం ఒకే వెంట్రుకలోని అక్కచెల్లెళ్ళలాంటి న్యూరాన్లకు వేరు వేరు గుర్తింపు ఇస్తుంది. ఆ పైన ఏసీజే6, ఫెర్1, ఈ93, వన్‌కట్, సిమ్, ఎక్స్‌బీపీ1, జడ్‌ఎఫ్30సీ అనే ఏడుగురు లస్కర్ల కలయికలతో రిసెప్టర్ల ఎంపిక జరుగుతుందని 2012లో ఒక బృందం చూపించింది. ఏడుగురే అయినా ఎవరెవరు ఉన్నారు, ఎవరు లేరు అనే కలయికలతో ఇన్ని రకాల న్యూరాన్లు వస్తాయి.

వీళ్ళలో ఏసీజే6ది ఎక్కువ తూముల లస్కరు ఉద్యోగం. కొన్ని రిసెప్టర్లకి తూము ఎత్తుతుంది, కొన్నిటిని దించి ఉంచుతుంది. అది చెడిపోయిన ఈగలో వెంట్రుక ఉంది, న్యూరాన్ ఉంది, రిసెప్టరు జన్యువు అక్షరం కూడా పొల్లుపోకుండా ఉంది. ఆజ్ఞ మాత్రమే లేదు. అందుకే కొన్ని న్యూరాన్లు మూగబోతాయి, కొన్ని తమవి కాని వాసనలకు స్పందిస్తాయి, ఏసీజే6తో పని లేని న్యూరాన్లు మామూలుగానే ఉంటాయి. ఇంతటితో ఆగదు, చూపు పనితీరులో కూడా తేడా వస్తుంది. వాసన అసలే తెలియని ఈగ అని పాఠంలో చెప్పేస్తుంటాం గానీ అది సరికాదు, కొన్ని తూములు మూతపడ్డ ఈగ అది.

ఇంతా తెలుసు కాబట్టే నాకో వివరణ తట్టింది, దాని మీద మోజు పడ్డాను. మ్యూటెంట్, అంటే జన్యువు మారిన, స్టాకుని ఏళ్ళ తరబడి సీసాలో పెంచితే, లోపాన్ని కొంత సర్దే చిన్న చిన్న తేడాలు మిగతా జన్యువుల్లో పోగవుతాయి. మెరుగ్గా ఉన్న ఈగలకే ఎక్కువ పిల్లలు కలుగుతాయి, తరం తరానికీ లోపం పలచబడుతుంది. ఈగలు పెంచే ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చూసేదే ఇది. మిగతా లస్కర్లు ఏసీజే6 పనిని తలా కాస్త పంచుకున్నారేమో! అలా అయితే మా పాత సీసా బోధన సామగ్రి స్థాయి దాటి ఓ చిన్న పరిశోధన అవుతుంది. రెండు వారాలు ఈ ఊహ చుట్టూనే తిరిగాను. ఆ అమ్మాయికి కూడా ఇదే జవాబుగా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఊహని కాదనడానికి దారి ఏమిటని ముందే అడగాలి. అడిగితే దారి సులువే. సర్దుబాట్లు మెల్లగా పోగైతే ఈగలన్నీ కొద్దికొద్దిగా మారాలి, అన్నీ అప్పుడప్పుడూ గెంతాలి. బయటి ఈగలు కలిస్తే రెండు గుంపులు కనపడాలి, ఎప్పుడూ గెంతేవి, ఎప్పుడూ గెంతనివి. ఇన్నాళ్ళూ మేం చేసింది గుంపు లెక్క, ఇరవై ఈగల్లో ఎన్ని గెంతాయన్నది. అందులో ఈ తేడా దాక్కుపోతుంది.

నలభై మగ ఈగల్ని విడివిడిగా తీసుకున్నాం. మగవే ఎందుకంటే వాటికి ఎక్స్ ఒక్కటే. ఆ ఎక్స్ మీద ఏముందో దాచుకోడానికి ఇంకో ఎక్స్ ఉండదు. ఒక్కోదానికి అయిదు సార్లు, పదేసి నిమిషాల విరామంతో. విరామం లేకపోతే వాసనకి అలవాటు పడిపోతాయి. మూడు సాయంత్రాలు పట్టింది. ఇరవై మూడు ఈగలు నాలుగు, అయిదు సార్లు గెంతాయి. పధ్నాలుగు ఒక్కసారి కూడా గెంతలేదు, లేదా ఒకే ఒక్కసారి గెంతాయి. మధ్యలో మిగిలినవి మూడే. గ్రాఫు గీస్తే రెండు మట్టి దిబ్బలు, మధ్యలో కాలువ.

నా ఊహ అక్కడే సగం కూలింది. మిగతా సగాన్ని కూల్చింది మా ల్యాబ్ అటెండరు.

ఆయన వయసులో పెద్దవాడు, నేను బాబాయి అంటాను. సీసాలు కడగడం, మేత ఉడికించడం అంతా ఆయన చేతి మీదే. గ్రాఫు చూపిస్తే కాసేపు చూసి, “అమ్మా, తెల్లకళ్ళ సీసాలో ఎర్రకళ్ళవి తిరుగుతున్నాయి కదా, అది మీరు పెట్టిన క్రాసేనా?” అన్నాడు.

నేనేమీ క్రాసు పెట్టలేదు, అంటే రెండు రకాల ఈగల్ని జత కలపలేదు.

తెల్లకళ్ళ స్టాకు ఏసీజే6 సీసా పక్కనే, అదే అరలో ఉంటుంది. తెరిచి చూస్తే నిండా ఎర్రకళ్ళే, మూలనెక్కడో నాలుగు తెల్లకళ్ళు. “ఎప్పట్నుంచి బాబాయ్?” అంటే, “వరదలు తీసిన కాణ్ణుంచీ చూస్తన్నానమ్మా. మీరే పెట్టారనుకుని ఊరుకున్నాను” అన్నాడు.

శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు లంకల జనాన్ని మా కాలేజీకే తెచ్చారు. పదిహేను రోజులు తరగతి గదులన్నీ పునరావాస కేంద్రం. నా డ్యూటీ పాల ప్యాకెట్లు, మందుల లెక్క. మునిగే తోటల్లోంచి కోసుకొచ్చిన అరటి గెలలు ల్యాబు వరండాలో గోడంతా ఆనించి పెట్టారు. అవి అక్కడే ముగ్గాయి. కరెంటు లేదు, థర్మోకోల్ పెట్టెలో ఐసు లేదు. సీసాలు ఉడికిపోకుండా పెట్టె మూత తీసి, దూది బిరడాలు వదులు చేసి నేనే వెళ్ళాను. ముప్పై డిగ్రీల వేడిలో మగ ఈగలు గొడ్డుబోతాయన్న భయంతో చేసిన పని అది. వరండాలో వేలాది అడవి ఈగలు, గదిలో వదులు బిరడాల సీసాలు. వరద తీశాక నేను చేసింది పాత సీసాలోని ఈగల్ని కొత్త సీసాలోకి తట్టేయడం, అంతే. మైక్రోస్కోపు కింద పెట్టి చూడలేదు. అప్పటి నుంచి కార్తీకం ప్రాక్టికల్ దాకా ఏడెనిమిది తరాలు గడిచాయి. సీసాలో నలిగిన మ్యూటెంట్ల మధ్యకి ఆరోగ్యమైన అడవి ఈగ వస్తే ఆమాత్రం తరాల్లో సీసా దానిదే అవుతుంది.

ఒక్క సందేహం తీర్చుకోవాల్సి వచ్చింది. అరటి గెలల మీద ఉండేవన్నీ మా జాతి ఈగలే కావు. మన వైపు డ్రోసోఫిలా అనన్నాసే కూడా బాగా ఉంటుంది. అది సీసాలో దూరినా మా సీసాల్లోని జాతి డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌తో కలిసి సంతానం ఇవ్వదు, పక్కపక్కన పెరుగుతుంది అంతే. ఐసు పలక మీద ఈగల్ని మత్తుగా పడుకోబెట్టి మగవాటి ముందుకాళ్ళు చూశాం. మెలనోగాస్టర్ మగ ఈగ ముందుకాలి మీద నల్లటి చిన్న దువ్వెన ఉంటుంది, కాటుక పుల్లతో గీసినట్టు ఒకే వరస, పొట్ట కొస నల్లగా ఉంటుంది. అనన్నాసేకి పొట్ట కొస నలుపు ఉండదు, దువ్వెన పళ్ళు వరసలు వరసలుగా పరుచుకుని ఉంటాయి. ఏసీజే6 సీసాలో అన్నీ మెలనోగాస్టర్లే. అంటే చొరబడ్డది కలిసిపోయే జాతే.

ఇక్కడితో సీసా పారబోసి, కొత్త స్టాకు తెప్పించుకోమని ఎవరైనా అంటారు. కానీ ఆ పధ్నాలుగు మగ ఈగలు నా ఎదుటే ఉన్నాయి. వాటి ఒంట్లో పాత ఎక్స్ ఇంకా ఉందని నా నమ్మకం. నిరూపించి, మళ్ళీ స్వచ్ఛమైన వంశం కట్టాలనిపించింది. పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాక్టికల్ నేను కల్పించలేను.

దానికి వందేళ్ళ నాటి పనిముట్టు ఒకటుంది. 1922లో లిలియన్ మోర్గాన్ గుర్తించిన అతుకు ఎక్స్ ఆడ ఈగ. దీని రెండు ఎక్స్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విడిపోవు, వాటితో పాటు ఒక వై కూడా ఉంటుంది. ఇలాంటి తల్లికి పుట్టిన కొడుక్కి ఎక్స్ తండ్రి నుంచి వస్తుంది, వై తల్లి నుంచి వస్తుంది. లోకరీతికి పూర్తిగా తిరగబడ్డ వారసత్వం. ఒక్క మగ ఈగని ఇలాంటి ఆడవాటితో కలిపితే, పుట్టిన కొడుకులందరి దగ్గరా ఉండేది ఆ తండ్రి ఎక్స్ నకళ్ళే. మిగతా క్రోమోజోములు మాత్రం సగం కొత్త తల్లివి. కాబట్టి గెంతే గుణం ఎక్స్ మీద ఉంటే గెంతే తండ్రి కొడుకులు గెంతుతారు, గెంతని తండ్రి కొడుకులు గెంతరు. నేను మోజుపడ్డ సర్దుబాట్లు మిగతా క్రోమోజోముల మీద ఉంటే అవి ఈ క్రాసులో చెదిరిపోయి, ఇద్దరు తండ్రుల కొడుకులూ ఒకేలా తేలతారు.

బెంగళూరు నుంచి అతుకు ఎక్స్ ఈగలు చిన్న గొట్టాల్లో పార్సిల్లో వచ్చాయి. పసుపు ఒళ్ళు, కొస వంకర తిరిగిన వెంట్రుకలు. వాటిలో కన్నె ఈగల్ని ఏరడం ఈ పనిలో కష్టమైన భాగం. పుట్టిన ఎనిమిది గంటల్లోపు ఏరకపోతే మగవాటితో కలిసిపోతాయి, ఒకసారి కలిస్తే ఆ వీర్యాన్ని రోజుల తరబడి దాచుకుంటాయి. తెల్లవారుజామున అయిదింటికి వచ్చి సీసాలు ఖాళీ చేసి, మళ్ళీ మధ్యాహ్నం ఒంటిగంటలోపు కొత్తగా పుట్టినవాటిని చూసేవాళ్ళం. అప్పుడే పుట్టిన ఈగ ఒళ్ళు పాలిపోయి, రెక్కలు ఇంకా విప్పీ విప్పనట్టు, పొట్ట పలచటి చర్మంలోంచి ఆకుపచ్చ నలుపు మచ్చ ఒకటి కనపడుతుంది. అది పురుగుగా ఉన్నప్పటి ఆఖరి మలం. ఆ మచ్చ ఉందా, కన్నె ఈగ. లంక అమ్మాయి మొదటి పడవకే వచ్చేసేది. మూడో రోజుకి నా కంటే తొందరగా పట్టేయడం నేర్చింది.

ముగ్గురు గెంతే తండ్రులు, ముగ్గురు గెంతని తండ్రులు. ఆరు గొట్టాలు. పన్నెండు రోజుల తర్వాత ఒక్కో తండ్రికి ఇరవై మంది కొడుకుల్ని, ఎవరి కొడుకో తెలియకుండా అంకెలు మాత్రం వేసి పరీక్షించాం. గెంతే తండ్రుల అరవై మందిలో యాభై ఆరు గెంతాయి. గెంతని తండ్రుల అరవై మందిలో గెంతినవి అయిదు.

ఎక్స్ మీదే జన్యువు దానంతటదే బాగైపోయినా ఇదే ఫలితం వస్తుంది కదా అని ఆ అమ్మాయే అడిగింది. నిజమే, ఈ క్రాసు ఒక్కటే ఆ ప్రశ్నని మూసేయలేదు. కానీ ఒకే అరలో, ఒకే వరదలో, పక్క సీసాలో తెల్లకళ్ళు ఎర్రకళ్ళయ్యాయి. రెండు సీసాల్లో రెండు వేరు జన్యువులు ఒకేసారి బాగుపడ్డాయనడం కంటే ఒకే దొంగ రెండిళ్ళలో దూరాడనడం సబబు. ఆమె ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. గెంతని తండ్రుల్లో ఒకడి కొడుకుల్ని మామూలు ఆడ ఈగలతో కలిపి చూస్తే మొదటి తరం మొత్తం గెంతింది, రెండో తరంలో మగవాటిలో దాదాపు సగం గెంతలేదు. ఎక్స్ మీది లోపం నడవాల్సిన నడకే అది.

మధ్యలో ఒక ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళ నాన్న వచ్చారు. లంకలో కాకర పందిళ్ళు ఉన్నాయి. “ఈగల చదువంటుంది మా అమ్మాయి, మా కాయ పుచ్చుకి పనికొస్తదాండి?” అని అడిగారు. కాకరకాయకి పుచ్చు పట్టించే ఈగ వేరు, మా సీసాలోది వేరు అని చెప్పి రెండూ భూతద్దంలో చూపించాను. పందిట్లో ఆయన వేలాడదీసే, క్యూలూర్ అనే ఎర వాసన పెట్టిన బుట్టలో పడేవి మగవే. మామిడి, జామ తోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ బుట్టల్లోనూ మగవే పడతాయి. బీహారులోని పూసాలో పనిచేసిన ఫ్రాంక్ హౌలెట్, నిమ్మగడ్డి జాతి సిట్రొనెల్లా నూనెకి మగ ఈగలు మూగడం గమనించి 1912లో రాశాడు. ఆ తర్వాత 1915లో మిథైల్ యూజినాల్ దగ్గరికి చేరాడు. తులసిలోనూ ఆ పదార్థం ఉంటుందంటే ఆ అమ్మాయి నాన్న ఆశ్చర్యపోయారు. వేరే జాతి ఈగైనా దాని మీసంలోనూ వాసన రిసెప్టర్లు, జతగా ఓర్కో ఉంటాయి. కాయని పొడిచి గుడ్లు పెట్టే ఆడ ఈగ ఆ బుట్టకి రాదు గనక, పుచ్చు పట్టిన కాయలు ఏరి పాతిపెట్టడం మానొద్దని చెప్పి పంపాను.

ఇప్పుడు ఏసీజే6 ఎలా ఉంచుతున్నానో ఈగలు పెంచేవాళ్ళ కోసం రాస్తాను. మగవి ఏసీజే6, ఆడవి పసుపు ఒంటి అతుకు ఎక్స్, ఇద్దరూ ఒకే సీసాలో. ప్రతి తరంలో కొడుకులు తండ్రి పోలిక, కూతుళ్ళు తల్లి పోలిక. అడవి ఆడ ఈగ దూరితే మరుసటి తరంలో గోధుమ రంగు ఆడపిల్లలు కనపడతారు, దొంగ దొరికిపోతుంది. ఈ పద్ధతిలో సగం గుడ్లు బతకవు, మూడు ఎక్స్‌లు వచ్చినవి, ఎక్స్ అసలే రానివి పోతాయి. అందుకని సీసా పలచగా కనపడితే కంగారు పడక్కర్లేదు, మేత మీద బూజు మాత్రం ఎక్కకుండా చూసుకోవాలి. ఇంకో లోపం కూడా ఉంది. దూరింది అడవి మగ ఈగైతే ఈ కాపలా పట్టుకోలేదు, దాని కొడుకులు మా మగ ఈగల్లాగే కనపడతారు. అందుకే నాలుగు తరాలకోసారి పది మగవాటిని గొట్టంలో పెట్టి గెంతు పరీక్ష చేస్తున్నాం. రెండో సీసా స్టాఫ్ రూములో, అరటిపండు రాని చోట. బిరడా వదులు చేయాల్సి వస్తే ముందు పలచటి వాయిల్ గుడ్డ కట్టాలి.

సర్దుబాట్ల ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. స్వచ్ఛమైన వంశంలో కూడా అయిదు ఈగలు గెంతాయి కదా, వాటికి ఏ న్యూరాన్ మిగిలి ఉంది? ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ 1970ల చివర్లో ముంబయి టాటా సంస్థలో వాసన తెలియని ఈగల్ని ఏరుతున్నప్పుడు వాళ్ళ దగ్గరా ఇంతకంటే పెద్ద పనిముట్లు ఎక్కువేం లేవు, ఓపికా గొట్టాలూ ఉన్నాయి. లంక అమ్మాయి ప్రాజెక్టుగా ఆ అయిదింటి సంతానాన్నే తీసుకుంది. బెంజాల్డిహైడ్‌తో పాటు ఇథైల్ ఎసిటేట్‌తోనూ పరీక్షిస్తోంది.

సీసా మార్చే రోజున బాబాయి ముందుగా ఈగల్ని ఐసు పలక మీద పరిచి, భూతద్దం పట్టుకుని ఆడవాటి రంగు చూస్తాడు. తర్వాతే నన్ను పిలుస్తాడు. ఇప్పటికి పదిహేను తరాలయ్యాయి, పసుపు కాని ఆడ ఈగ ఒక్కటీ కనపడలేదు.